జిగురు కింద తాజాకలం

చేరిన ఐదో రోజు

వదినగారికి,

మూడో అంతస్తు కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల మీద మోచెయ్యి ఆనించి మీ మరదలు రాస్తోంది.

క్షేమంగా చేరాం. విమానంలో మీ తమ్ముడికి చెవులు మూసుకుపోయి రెండు రోజులు నేను చెప్పింది ఒక్క ముక్క వినపడలేదు. ఇంట్లోనూ అంతే కాబట్టి నాకు ఆ సంగతి మూడో రోజుకి గానీ తెలియలేదు.

గది బాగుంది. ఇంటావిడ తాళంచెవి చేతిలో పెట్టి, మెట్ల దగ్గర గోడ మీద ఒక బొత్తాం చూపించి ఏదో చెప్పింది. ఇద్దరం నవ్వి తల ఊపాం. అది మెట్ల దీపం బొత్తాం. నొక్కితే వెలుగుతుంది, కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. మా మోకాళ్ళతో రెండో అంతస్తు దాటేసరికి ఆ దీపానికి ఓపిక అయిపోతుంది. పట్టపగలైనా ఆ మెట్ల మీద ఏమీ కనపడదు. అందుకని మీ తమ్ముడు ముందు గబగబా ఎక్కి పై బొత్తాం మీద వేలు పెట్టుకుని నిలబడతారు, నేను వెనక తీరిగ్గా ఎక్కుతాను. పెళ్ళైన ముప్పై నాలుగేళ్ళలో ఆయన నా కోసం దీపం పట్టుకోవడం ఇదే మొదలు.

ఈ ఊళ్ళో బస్సులో పాతికమంది కూర్చున్నా ఒక్కరూ మాట్లాడరు. నిన్న ఒక కుక్క ఎక్కింది. అదీ మాట్లాడలేదు. నా పక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తూ మూడు స్టాపుల తరవాత దిగిపోయింది. దాని వెనకే ఒకాయన దిగాడు. ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నారో చెప్పడం కష్టం. పార్కులో బెంచీకి రెండు చివర్లా ఇద్దరు కూర్చుని మధ్యలో ఖాళీకి కాపలా కాస్తుంటారు. నేను వెళ్ళి ఆ మధ్యలో కూర్చున్నాను. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు.

పోస్టాఫీసులో విదేశీ ఉత్తరాలు విడదీస్తూ ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డాను కదా, ఈ ఊరి స్టాంపు మీద గడియారం గోపురం చూసినప్పుడల్లా రిటైరయ్యాక దీన్ని చూసి తీరాలి అనుకునేదాన్ని. చూశాను. స్టాంపు మీద కంటే కొంచెం పెద్దది.

ఇక మీరు అడగబోయే సంగతి. కొట్టు మూసిన ఈ రెండేళ్ళలో మీ తమ్ముడు దేనివంకా రెండు నిమిషాలు కుదురుగా చూసింది లేదు. బయల్దేరేటప్పుడు కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, నేను వచ్చేలోగా ఎవరికైనా అమ్మెయ్యి అక్కా, అది గుమ్మం దాటడం నేను చూడలేను అని మీ చేతిలో తాళంచెవి పెట్టినప్పుడు మీరూ చూశారు కదా, ఆ మొహం. అలాంటి మనిషి ఇక్కడికొచ్చిన మూడో రోజు నుంచీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎదురింటి కింది గదిలో ఉండే ఒకావిడని పొద్దున్నించి సాయంత్రం దాకా రెప్ప వాల్చకుండా చూస్తున్నారు. అన్నానికి పిలిచినా లేవడం లేదు. వదినా, నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి.

కుంటి బల్ల దగ్గర్నుంచి,
మీ మరదలు

తా.క. మడిచి అంటించే ఈ ఏరోగ్రామ్ కాగితం అయిపోయింది, జిగురు మడత మీద రాస్తున్నాను. అక్కడ రాయకండి, చింపేటప్పుడు పోతుంది అని కౌంటర్లో జనాన్ని కేకలేసిన దాన్ని నేనే. చెప్పడం మరిచాను, ఆ ఎదురింటావిడ దర్జీ. డెబ్భై దాటి ఉంటుంది. చిరిగిన బట్టలు బాగుచేస్తుంది. ఆవిడ అక్కడ సూది దించుతుంటే ఈయన ఇక్కడ వేళ్ళు ఆడిస్తున్నారు.

మీరు వెళ్ళిన పద్నాలుగో రోజు

మరదలా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వలేదు. మూడోసారి మీ అన్నయ్యగారికి చెవి దగ్గర చేరి వినిపించాను. ఆయన అంతా విని, కుక్క ఏ స్టాపులో దిగింది అని అడిగారు. ఈ ఇంట్లో నేను ఎవరితో చెప్పుకోవాలి?

ఊరుగాని ఊరు వెళ్ళి మూడు రోజులు కాకుండా నా తమ్ముడు ఒకావిడని కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తుంటే, నీకు సంతోషంగా ఉందా? పైగా ‘చెప్పలేను’ అని కూడా రాశావు. నేను ముప్పై అయిదేళ్ళు పిల్లల చేత చూచిరాత రాయించి, వ్యాసాలు దిద్దినదాన్ని. ఏ మాట వెనక ఏడుపు ఉందో నాకు తెలుసు. ఏడుపు దిగమింగుకుని సంతోషం అని రాశావు. కాగితం మీద తడి మచ్చ కూడా ఉంది. మీ అన్నయ్యగారు అది తన కాఫీ అంటున్నారు, నేను నమ్మను.

ముందు ఆ కుర్చీ తీసెయ్యి. కిటికీకి తెర కట్టు. తెర లేకపోతే నీ చీర కట్టు. వాణ్ణి రోజూ బయటికి తిప్పు, గోపురం చిన్నదైనా సరే రెండోసారి చూపించు. ఆవిడ వయసెంతో, పెళ్ళైందో లేదో, ఎంత పొడుగో రాయి. పొడుగు ఎందుకు అడుగుతున్నానంటే, మన వంశంలో మగవాళ్ళు పొడుగాటి ఆడవాళ్ళని చూస్తే కాస్త తగ్గి మాట్లాడతారు.

వాడు అప్పజెప్పిన పని మాత్రం నేను చేస్తున్నాను. మిషనుకి బేరం కుదిరింది. గోనెసంచులు కుట్టించే ఆసామి. మాటల్లో మర్యాదస్తుడే. ఇవాళ్టికి పదో రోజున బండి తీసుకుని వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

నీ మంచి కోరే,
వదిన

తా.క. నువ్వు ‘తా.క.’ అని మొదలుపెట్టి ఆపేశావు. నేను కత్తెర వేసిన చోట సగం ‘క’ వేలాడుతోంది. ఏం రాయబోయి మానుకున్నావో అదే నాకు చెప్పాల్సిన మాట.

పదిహేనో రోజు

వదినగారికి,

మీ దగ్గర్నుంచి ఇంకా ఉత్తరం రాలేదు. ఆగలేక ఇది రాస్తున్నాను. చెప్పాల్సినవి చాలా పోగయ్యాయి.

మీ తమ్ముడు వెళ్ళారు. ఎదురింటికే. మూడు రోజుల కిందట పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాతో ఒక్క మాట చెప్పకుండా మెట్లు దిగి వీధి దాటారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ తలెత్తింది. లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూసి, బొటనవేలి కొస రుద్ది, నవ్వింది. తరవాత కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ రోజు నుంచీ తొమ్మిదింటికి వెళ్ళి అయిదింటికి వస్తున్నారు. మొహం చూడాలి వదినా, పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు. నన్నూ రమ్మన్నారు. వెళ్ళి పది నిమిషాలు కూర్చున్నాను. వాళ్ళిద్దరికీ మాటలతో పనిలేదు, ఒకళ్ళు చెయ్యి చాపితే రెండోవాళ్ళకి ఏం కావాలో తెలిసిపోతోంది. నేనే అడ్డం అనిపించి వచ్చేశాను.

అందుకని ఊరు నేనొక్కదాన్నే తిరుగుతున్నాను. ఇక్కడ బట్టలు ఉతికే షాపు ఒకటుంది. గుండ్రటి అద్దాల వెనక బట్టలు తిరుగుతుంటే, ఎదురుగా బెంచీల మీద జనం సినిమా చూసినట్టు చూస్తుంటారు. నేనూ కూర్చుని ఎవరివో దుప్పట్లు మొదట్నుంచి చివరిదాకా చూశాను. మధ్యలో ఒక ఎర్ర మేజోడు వచ్చినప్పుడు కాస్త ఉత్కంఠగా ఉంది. రొట్టెల షాపులో లోపలికి అడుగు పెట్టగానే ఒక మిషను నెంబరు చీటీ ఇస్తుంది. నాకు ఏమీ అక్కర్లేదు, ఊరికే చూడ్డానికి వెళ్ళాను. కానీ నా నెంబరు పిలిచి అందరూ నావంక చూసేసరికి మొహమాటపడి రెండు రొట్టెలు కొన్నాను. ఇప్పటికి నాలుగుసార్లు అయింది. రొట్టెలు మిగిలిపోతున్నాయి.

అన్నిటికంటే పోస్ట్‌మన్‌ని చూడటం బాగుంది. చక్రాల బండిలో సంచీ పెట్టుకుని తోసుకెళ్తాడు. తలుపులకే సన్నటి చీలికలుంటాయి, ఉత్తరం అందులోంచి జారవిడుస్తాడు. ఏ వరస కట్టుకుంటాడో తెలుసుకుందామని నాలుగు వీధులు వెనకాలే నడిచాను. నిన్న కూడా నడిచాను. ఇవాళ నన్ను చూడగానే వేగం పెంచాడు.

ఒంటరిగా తిరుగుతున్నా ఉషారుగానే ఉన్న
మీ మరదలు

తా.క. ఇదీ జిగురు మడత మీదే, బుద్ధి రాలేదు నాకు. ఆవిడ మొగుడు వెనక గదిలో రోజంతా ఇస్త్రీ చేస్తుంటాడు. నాలుగు ఇస్త్రీపెట్టెలంత బరువైన మనిషి, మీ తమ్ముడికి రోజూ టీ ఇస్తాడు. ఆవిడ రఫూ చేస్తే చిరుగు ఎక్కడుందో వెతికినా దొరకదు. ఈయన చేతికుట్టు కాజాలు చూసి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఈయన రఫూ నేర్చుకుంటున్నారు, ఆవిడ కాజాలు నేర్చుకుంటోంది.

ఇరవై మూడో రోజు

వదినగారికి,

మీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. ఈసారి అసలు సంగతి కాగితం మధ్యలో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కత్తెర ఏ పక్కన వేసినా పోదు.

ఆవిడ దర్జీ. డెబ్భై రెండేళ్ళు. మొగుడున్నాడు. నాకంటే పొట్టి. మీ తమ్ముడు చూస్తున్నది ఆవిడ పనిని. మిషను అమ్మొద్దు.

మీ ఉత్తరం చదివి నేను పడీపడీ నవ్వాను. ఆయనకి చదివి వినిపిస్తే ఆయనా నవ్వారు, గోనెసంచుల ఆసామి దగ్గరికి వచ్చేదాకా. అక్కడ ఆగిపోయారు. వేళ్ళమీద లెక్క పెట్టుకుని, “రేపే వస్తాడు” అన్నారు. కాసేపు అటూ ఇటూ తిరిగి, వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పారు. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు లేరని కొట్టు మూశాను, నిజమే. కానీ ఉన్న బట్టలు చిరగకుండా పోవు కదా. ఈవిడ కొత్తది ఒక్కటీ కుట్టదు. గుమ్మం ముందు మనుషులు నిలబడి ఉంటారు. ఒకడు తండ్రి కోటు తెచ్చాడు, పడెయ్యలేక. ఈవిడ బాగుచేసి ఇస్తే అక్కడికక్కడే తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ నిలబడిపోయాడు. ఈ పని నేనూ చెయ్యగలను, మిషను ఉంటే. ఇదీ ఆయన చెప్పింది. రెండేళ్ళలో ఆయన ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

ఉత్తరం చేరేసరికి ఆలస్యమవుతుందని వెంటనే టెలిఫోను ఆఫీసుకి పరిగెత్తాం. మన వీధి మందుల షాపు నెంబరుకి చేశాం. మిమ్మల్ని పిలవమంటే, మీరు బజారుకి వెళ్ళారట, అన్నయ్యగారు వచ్చారు. నేను గొంతు చించుకుని రెండే మాటలు చెప్పాను. ఆవిడ దర్జీ, అమ్మొద్దు. అద్దం గది బయట వరసలో నిలబడ్డవాళ్ళు కూడా విన్నారు, వాళ్ళకి అర్థం కాలేదు గానీ విన్నారు. అన్నయ్యగారు మాత్రం అందరం కులాసా అని చెప్పి పెట్టేశారు. ఆయన మీకు చెప్పే ఉంటారని నమ్ముతున్నాను.

గొంతు బొంగురుపోయిన
మీ మరదలు

తా.క. జిగురు మడత మీద ఏమీ లేదు. ధైర్యంగా కత్తిరించండి.

ఇరవై నాలుగో రోజు

మరదలా,

నా దగ్గర ఓపిక లేదు, సూటిగా రాస్తున్నాను.

నిన్న మీ ఫోను వచ్చింది. నేను బజారు నుంచి వచ్చేసరికి మీ అన్నయ్యగారు పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఏమన్నారు అని అడిగితే చెప్పారు. ఆవిడ దర్జాగా ఉందట. మమ్మల్నేమో రావొద్దన్నారట. ఇంకేమన్నా అన్నారా అంటే, మరదలు ఏడ్చినట్టుంది, గొంతు మారిపోయింది అన్నారు.

ఇవాళ నీ రెండో ఉత్తరం. తలస్నానం, ఇస్త్రీ చొక్కా, చెయ్యి పట్టుకోవడం, వేళ్ళు తిప్పి చూడటం. తొమ్మిదింటికి వెళ్ళి అయిదింటికి రావడం. వాడు కొట్టు కూడా అంత నియమంగా తియ్యలేదు. నువ్వేమో ఎవరివో దుప్పట్లు తిరుగుతుంటే చూస్తూ, తినని రొట్టెలు కొంటూ, పోస్ట్‌మన్‌ల వెనక నడుస్తున్నావు. మనసు చెదిరిన మనిషి చేసే పనులు ఇవే. మళ్ళీ ‘తా.క.’ రాసి ఆపేశావు. ఇక నువ్వు చెప్పక్కర్లేదు.

దీంతో ఇంకో కాగితం పెడుతున్నాను. ఆవిడకి. నా చేత్తో, నిదానంగా, చూచిరాత పుస్తకంలో రాసినట్టు రాశాను. తిట్టినా అక్షరం కుదురుగా ఉండాలి. ఆవిడకి మన భాష రాకపోతే నువ్వు చదివి వినిపించు, గొంతు తగ్గించకుండా.

మిషను సంగతి నేను తేల్చేశాను. దాని గురించి నన్ను ఎవరూ అడగొద్దు.

నీ పక్షాన నిలబడ్డ,
వదిన

(లోపలి కాగితం)

*అమ్మా, నీకు వేరే పని లేదా? నా తమ్ముడు నెమ్మదస్తుడు. ఎవరు కుర్చీ లాగితే వాళ్ళ పక్కన కూర్చుంటాడు, అది వాడి బలహీనత. వాడికి పెళ్ళై ముప్పై నాలుగేళ్ళైంది. వాడి పెళ్ళాం బంగారం లాంటిది, దీర్ఘాలు సరిగ్గా పెట్టదు గానీ. నువ్వు దర్జాగా ఉన్నావని విన్నాను. ఉండు. కానీ వాడి చెయ్యి వదిలిపెట్టు. ఆ చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది నేను.*

ముప్పై ఆరో రోజు

వదినగారికి,

ఈపాటికి నా మూడో ఉత్తరం చేరి, మీరు నీళ్ళు తాగి కూర్చుని ఉంటారు. మీ ఉత్తరం ఇక్కడ చేసిన పని చెప్పాలి.

మూడు రోజుల కిందట వచ్చింది. నేను చదువుతుంటే ఆయన భుజం మీంచి చూస్తున్నారు. మిషను సంగతి తేల్చేశాను అన్న చోట ఆగి, కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి బల్ల మీద పెట్టారు. “పోనీలే, గోనెసంచులకైనా పనికొస్తుంది” అన్నారు. మరునాడు తొమ్మిదైంది, ఆయన లేవలేదు. ఆ మరునాడూ వెళ్ళలేదు. కిటికీ దగ్గర కూర్చున్నారు గానీ కుర్చీ గోడ వైపు తిప్పుకుని. నాకు మళ్ళీ కొట్టు మూసిన రోజులు గుర్తొచ్చి భయం వేసింది. మిమ్మల్ని తిట్టుకున్నాను కూడా, దాచడం ఎందుకు.

నిన్న పొద్దున మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడు. రెండో అంతస్తు దగ్గర దీపం ఆరిపోయి చప్పుడు ఆగిపోయింది. మీ తమ్ముడు లేచి పరిగెత్తి బొత్తాం నొక్కారు. చూస్తే ఆవిడ, డెబ్భై రెండేళ్ళ మనిషి, చేతిలో సగం రఫూ చేసిన కోటుతో. గదిలోకి వచ్చి కూర్చుని, కోటు ఆయన ఒళ్ళో పడేసి, గడియారం చూపించి ఏదో కోప్పడింది. పనికి ఎందుకు రాలేదని అనుకుంటాను. అప్పుడు బల్ల మీద మీరు ఆవిడకి రాసిన కాగితం కంటపడింది.

వదినా, ఆవిడ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని ఎంతసేపు చూసిందో. ఒక్కో అక్షరం గుండ్రాన్ని వేలితో చుట్టింది. ఎవరు రాశారు అని సైగ చేసింది. ఈయన తనకంటే ఎత్తుగా చెయ్యి పెట్టి అక్క అని చూపించి, ఆవిడ వైపు వేలు చూపించి, నీకే అని చెప్పారు. ఏం రాసింది అని అడిగింది. నేను బెదిరిపోయాను. మీ తమ్ముడు ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులూ జోడించి చూపించారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాగితం గుండెలకి ఆనించుకుని, ఈయన్ని రెక్క పట్టుకుని తీసుకెళ్ళిపోయింది.

సాయంత్రానికి మీ మొదటి వాక్యం దారంతో ఒక కోటు జేబు మీదికి ఎక్కింది. ఆవిడ గీసుకుంది, ఈయన కుట్టారు. మీ చేతిరాతే, ఒంపు కూడా తప్పలేదు. కోటు తీసుకోవడానికి వచ్చినాయన దాన్ని చూసి, తన మిగతా కోట్లు కూడా తెస్తానని వెళ్ళాడు. ఇవాళ మధ్యాహ్నానికి ఈ వీధిలో ఆరుగురి గుండెల మీద ‘నీకు వేరే పని లేదా’ అని ఉంది. బస్సులో ఒక పెద్దమనిషి అది తొడుక్కుని సరిగ్గా నా ఎదురుగా నిలబడ్డాడు. నేను అలవాటుగా, ఉందండీ, గోపురం దాకా వెళ్తున్నాను అని జవాబు చెప్పాను.

ఇంకోటి కూడా చెప్పెయ్యాలి. ఇవాళ పోస్ట్‌మన్ వెనక మళ్ళీ నడిచాను. మూడో వీధి మలుపులో ఆగి, సంచీ సర్దుకుంటూ నావైపు తిరిగాడు. సంచీ పట్టీ చిరిగితే ఆవిడ దగ్గరే కుట్టించుకున్నాడట. నా మొహం ఎదురుగా పెద్ద అక్షరాలతో, ‘నీకు వేరే పని లేదా’. అక్కణ్ణించే వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

మీ తమ్ముడు మళ్ళీ తొమ్మిదింటికి వెళ్తున్నారు. మిషను పోతే పోయింది, సూదీ దారం కత్తెర ఉన్నాయి, కొట్టు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటాను అంటున్నారు. ఎవరొస్తారు అని అడిగితే మాత్రం సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నారు. ఆ భయం ఆయనకీ ఉంది, నాకూ ఉంది. మేం అరవై రెండో రోజు, గురువారం పొద్దున దిగుతాం.

మీ మీద కోపం తగ్గిన
మీ మరదలు

తా.క. (కాగితం మధ్యలోనే రాస్తున్నాను.) ఆవిడ ఇంకో వాక్యం కావాలంటోంది. ఈసారి కాస్త మర్యాదగా ఉండేది పంపండి. ఇక్కడి బ్యాంకు మేనేజరు ఆరో కోటు తాలూకు మనిషి.

నలభై అయిదో రోజు

మరదలా, పక్కనే కూర్చుని వింటున్న తమ్ముడూ,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఒక్కసారే సిగ్గుపడొచ్చని.

మూడో ఉత్తరం వచ్చిన రోజు మీ అన్నయ్యగారితో మాట్లాడలేదు. మర్నాడు ఆయన తప్పేముందనిపించి మాట్లాడాను. ఆయనకి వినపడలేదు. నాలుగో ఉత్తరం ఇవాళ వచ్చింది. నా అక్షరాలు ఊరుగాని ఊళ్ళో మనుషుల గుండెల మీద తిరుగుతున్నాయని చదివి మొదట మొహం దాచుకోవాలనిపించింది. తరవాత మూడిళ్ళ వాళ్ళకి చూపించి వచ్చాను. ఆవిడకి వేరే కాగితం మీద కొత్త వాక్యం పెట్టాను, ‘చల్లగా ఉండు తల్లీ’. ‘ల్ల’ ఒత్తు జాగ్రత్తగా కుట్టమను. ముందు రాసిందానికి క్షమాపణ వాడి చేతే చెప్పించు, ఈసారి నిజంగానే దణ్ణం పెట్టమను.

ఇప్పుడు మిషను. నేను అబద్ధం రాయలేదు, తేల్చేశాననే రాశాను. ఎలా తేల్చానో కోపంలో రాయలేదు.

నీ రెండో ఉత్తరం వచ్చిన పూటే గోనెసంచుల ఆసామి బండితో వచ్చాడు. ఉత్తరం చదివిన చేత్తోనే వెళ్ళి కొట్టు తలుపు తీశాను. ఇద్దరు మనుషులు మిషను ఎత్తి గుమ్మం దాకా తెచ్చారు. అప్పటిదాకా ఊరుకున్నాను. అది గడప మీదికి రాగానే నాకేమైందో తెలియదు, “దించండి” అన్నాను. ఎందుకమ్మా అన్నాడు. చెప్పాను. ఈ మిషను నా తమ్ముడిది కాదు, నా మరదలిది. వాడు పెళ్ళాన్ని పరాయి ఊళ్ళో దిక్కులేకుండా వదిలేసి ఇంకొకావిడ పక్కన కూర్చున్నాడు. రేపు అది ఒంటరిగా తిరిగొస్తే దానికి ఈ మిషను తప్ప ఆధారం లేదు. ఇదంతా వీధిలో నిలబడి చెప్పాను. నా గొంతు నీకు తెలుసు, క్లాసులో చివరి బెంచీ దాకా వినపడే గొంతు.

ఆసామి తలపాగా తీసి నాకు దణ్ణం పెట్టి, ఖాళీ బండి తోలుకుని వెళ్ళిపోయాడు. మిషను కొట్లోనే ఉంది. రోజూ తుడుస్తున్నాను, నూనె కూడా వేశాను. ఒకటి మాత్రం ఆలోచించు. నీ తాజాకలం నేను సరిగ్గా చదివి ఉంటే, వాడికి కాలక్షేపం దొరికిందిలే అని సంతోషించి మిషను ఆ పూటే బండి ఎక్కించేదాన్ని.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాడు పొద్దున మందుల షాపు వాళ్ళావిడ రెండు చిరిగిన చొక్కాలు తెచ్చి కొట్టు గుమ్మంలో పెట్టింది. పాపం, ఆ అమ్మాయి వచ్చాక కుట్టి ఇమ్మనండి, తొందరేం లేదు అంది. సాయంత్రానికి పక్క వీధి నుంచి దుప్పట్లు వచ్చాయి. నేను నిజం తెలుసుకునేలోపు గది సగం నిండింది. నిజం తెలిశాక చెబుదామనే అనుకున్నాను. ఒకావిడ పోయిన తన తల్లి చీర, అంచు చిరిగింది, పేపర్లో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టి, మీ మరదలి చేత్తో బాగుచేయించండి అని కళ్ళు తుడుచుకుంది. ఇంకేం చెప్పను? అన్నిటికీ చీటీలు కట్టాను, పేర్లు రాశాను. నిన్నటికి డెబ్భై ఎనిమిది బట్టలు. గోనెసంచుల ఆసామి కూడా తన కోటు పంపాడు, అందులో చిరుగు ఎక్కడుందో నాకు కనపడలేదు. ఊరికే పంపినట్టున్నాడు.

కాబట్టి తమ్ముడూ, ఎవరొస్తారు అన్న బెంగ పెట్టుకోకు. నువ్వు రావడమే ఆలస్యం. చిక్కల్లా ఒకటే. ఈ వీధి మొత్తం మీద నీకు మంచి పేరు లేదు. బట్టలు పంపింది నువ్వు వదిలేసిన ఇల్లాలికి.

అందుకని గురువారం మీరిద్దరూ నవ్వుకుంటూ కలిసి వీధిలోకి రావొద్దు. మరదలు ముందు రావాలి, చేతిలో ఒక్క పెట్టెతో. నువ్వు రెండు గంటలు రైల్వేస్టేషన్లో కూర్చుని వెనకగా, తల వంచుకుని రా. గుమ్మంలో నేను నిన్ను నాలుగు మాటలు అంటాను, నలుగురూ విన్నాక లోపలికి రానిస్తాను. నిజం నేనే అందరికీ చెబుతాను, ఇంటింటికీ వెళ్ళి చెబుతాను. డెబ్భై ఎనిమిది బట్టలూ అయ్యాక.

మీ రాక కోసం చీటీలు లెక్కపెట్టుకుంటున్న,
అక్క, వదిన

తా.క. పశ్చాత్తాపపడుతున్న మొహం వాడికి ఎప్పుడూ సరిగ్గా కుదరదు, చిన్నప్పుడు కూడా నవ్వొచ్చేసేది. విమానంలో కూర్చోబెట్టి నేర్పు. చాలా గంటల ప్రయాణం కదా.